ఆ నీళ్లు ఎవరు వాడతారు?

విశాఖలో మధురవాడ వైపు కొత్త అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్లు ఫోన్ చేయగానే అడిగేది ఒకటే: "ఎంబీఆర్ పెడదామా సార్, ఎస్‌బీఆరా?" రెండూ మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంట్ల రకాలే. నేను జవాబు చెప్పను. "శుద్ధి చేసిన నీళ్లు ఏం చేస్తారు?" అని ఎదురడుగుతాను. స్టీల్‌ప్లాంట్‌లో కెమిస్టుగా చేసి రిటైరైన మా గురువుగారు నేర్పిన అలవాటిది. "మెషీన్ పేరు చివర్న చెప్పరా. ముందు ఆ నీళ్లు ఎవరు వాడతారో చెప్పు" అనేవారు.

పోర్టులో బొగ్గు కుప్పల మీద దుమ్ము లేవకుండా చల్లడానికి తాగునీరు అక్కర్లేదు. నాజిల్ మూసుకుపోకుండా వడకట్టి, పక్కన పనిచేసేవాళ్ల కోసం క్లోరిన్ వెయ్యి, చాలు. కూలింగ్ టవర్‌కైతే కథ వేరు. అక్కడ నీళ్లు ఆవిరయ్యేకొద్దీ లవణాలు మిగిలి చిక్కబడతాయి. ఎస్టీపీలో, అంటే మురుగు శుద్ధి ప్లాంటులో, బ్యాక్టీరియా మురికిని తింటాయి గానీ ఉప్పును ముట్టవు. బీచ్ దగ్గర బోరు నీళ్లు వాడే చోట టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) చూడకుండా కొటేషన్ ఇవ్వకు. ఉప్పు తీసే ఆర్వో పెట్టావా, అది వదిలేసే రిజెక్ట్ నీళ్లు ఎక్కడ పొయ్యాలన్నది ఇంకో తలనొప్పి.

నీళ్లే పట్టని పద్ధతి ఉంటే అంతకన్నా కావాల్సిందేముంది? స్టీల్‌ప్లాంట్‌లో ఎర్రగా కాలే కోక్‌ను నీళ్లు కొట్టకుండా నైట్రోజన్‌తో చల్లారుస్తారు. ఆ వేడితో ఆవిరి, కరెంటు తీస్తారు. ఏలేరు కాలువ నీళ్లు తెచ్చుకునే కర్మాగారానికి అది చిన్న పొదుపు కాదు.

ఇప్పుడు అపార్ట్‌మెంట్ లెక్కకు కాగితం తీసుకో. వంద ఫ్లాట్లు, ఫ్లాటుకు ఐదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు: మొత్తం 67,500. అందులో 80 శాతం, అంటే 54,000 లీటర్లు డ్రైనేజీకి వస్తాయి. మనిషికి 45 చొప్పున ఫ్లష్‌కు 22,500 పోగా మిగతావి? ఎండాకాలం మొక్కలు తాగేస్తాయి. తుఫాను ముసురులో ఎటు పంపుతావు? ఆ దారి డ్రాయింగ్‌లోనే ఉండాలి. ఫ్లష్‌కు విడి పైపు గోడలు పూయకముందే వేయించు.

నేను పెట్టించిన మొదటి ప్లాంటు నీళ్లు ఫ్లష్‌కు ఎక్కిన రోజు ఓ పెద్దావిడ మగ్గుతో పట్టి వాసన చూసి, "ఇవి మురుగునీళ్లంటే ఎలా నమ్మేది బాబూ!" అంది. ఆ కితాబు చాలనిపించింది.

ఇంకోచోట ఖరీదైన ప్లాంటు పెట్టుకున్నారు. కరెంటు బిల్లు చూసి జడిసి, కమిటీవాళ్లు రాత్రిళ్లు ట్యాంకుకు గాలి ఊదే బ్లోయర్ ఆపించారు. వారం తిరక్కముందే ట్యాంకు నల్లబడి, కుళ్లిన గుడ్ల కంపు. మెషీన్ పాడైందని నన్ను పిలిచారు. మెషీన్‌కేం, దివ్యంగా ఉంది. గాలి ఆడక బ్యాక్టీరియా చచ్చాయి. ఆపరేటర్ కుర్రాడు బ్లోయర్ ఆన్, ఆఫ్ టైములు లాగ్‌బుక్‌లో రాసిపెట్టబట్టి అసలు సంగతి దొరికింది. మెచ్చుకోలు అతనికే దక్కాలి. బ్లోయర్ తిప్పించి, బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి ట్యాంకరుతో బ్యాక్టీరియా ఉన్న స్లడ్జ్ తెచ్చి పోశాం.

తర్వాత రోజూ సిలిండర్ పరీక్షే. ఏరేషన్ ట్యాంకు నీళ్లు లీటరు పట్టి అరగంట కదపకుండా ఉంచు. గోధుమరంగు స్లడ్జ్ 300 మిల్లీలీటర్ల దగ్గర ఆగి, పైన తేట నీళ్లుండి, మట్టివాసన వస్తే ప్లాంటు బాగున్నట్టే. 800 దగ్గరే నిలబడిపోతే ఆ రోజు భోజనం ఆలస్యమే.

జాగా తక్కువై, మెంబ్రేన్ కడగడం తెలిసిన మనిషి ఉంటే ఎంబీఆర్. పొద్దున్నే ఒక్కసారిగా మురుగు తోసుకొచ్చే చోట ఎంబీబీఆర్ అనే ఇంకో రకం కాస్త ఓర్చుకుంటుంది, ముందు మురుగు నిలవబెట్టి సమంగా వదిలే పెద్ద ఈక్వలైజేషన్ ట్యాంకు మాత్రం కట్టించు. ఏది పెట్టినా ఐదేళ్ల కరెంటు, విడిభాగాలు, స్లడ్జ్ తోలకం ధరలో కలుపు. సంతకాలయ్యే మీటింగుకు రాత్రి షిఫ్టు చేయబోయే ఆపరేటర్‌ను పిలిచి కూర్చోబెట్టు. అతను నడపలేనన్నది కొనకు.