పందెం ఆట వేరు, టోర్నమెంట్ వేరు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మా వాలీబాల్ టీం సంగతి ఒకటి చెప్తాం, వినండి.

సెలవులకి ఊరెళ్తే సాయంత్రం మాది పందెం ఆటే. మనిషికి 20 రూపాయలు. ఓడితే "మళ్లీ వెయ్యి" అని ఇంకో 20 తీస్తాం. చీకటి పడేలోపు పోయింది తిరిగొస్తుంది. ఆ ధైర్యంతోనే పాడేరులో నాకౌట్ టోర్నమెంట్‌కి వెళ్లాం.

మొదటి మ్యాచే చివరిదైంది. ఊళ్లో మా పొడుగన్న ఎప్పుడూ నెట్ దగ్గరే ఉంటాడు. అక్కడ రొటేషన్. ఎదుటివాళ్ల సర్వీసు మనకొచ్చినప్పుడల్లా ఆరుగురం ఒక్కో స్థానం జరగాలి. అన్న వెనక్కెళ్లాక ముందు కొట్టేవాడే లేడు. ఊళ్లోలాగే బలంకొద్దీ సర్వీసులు కొట్టి నెట్‌కి తగిలించాం. ప్రతి తప్పూ వాళ్లకి పాయింటే. 25 ఎప్పుడైందో తెలీలేదు. సెట్‌కి రెండు టైమ్ అవుట్లు ఉన్నా ఒక్కటీ అడగలేదు.

తిరుగు బస్సులో ఎవరం మాట్లాడుకోలేదు. ఛార్జీలకిచ్చింది అమ్మవాళ్లు పసుపు అమ్మిన డబ్బులు.

ఇప్పుడు పందెం మానేశాం. రొటేషన్‌తోనే ఆడుతున్నాం. పొడుగన్న కూడా వెనక నిలబడి బంతి ఎత్తడం నేర్చుకుంటున్నాడు. మీ ఊళ్లో టీం ఉంటే ఇప్పట్నుంచే అలా ఆడండి. నాకౌట్‌లో "మళ్లీ వెయ్యి" అనడానికి ఉండదు.