గౌరీపట్నపు నల్లరాయి

గోదావరి పశ్చిమతీరమున, కొవ్వూరునకు చేరువనున్న గౌరీపట్నపు రాతిగనులను మేము దర్శించితిమి. పైనను క్రిందను నల్లరాయి. రెంటినడుమ గుల్లలతో నిండిన సున్నపురాతిపొర. ఆ నల్లరాయి సుమారు 6.6 కోట్ల యేండ్లక్రిందట పడమటి దక్కనులోని అగ్నిముఖములనుండి దాదాపు 1000 కిలోమీటర్లు ప్రవహించివచ్చిన ద్రవశిలయని శాస్త్రజ్ఞుల మతము. తొలి ప్రవాహము చల్లారినపిదప ఉప్పునీరు చేరగా నత్తలును ఆలుచిప్పలును అచట కాపురముండినవి. మలి ప్రవాహము ఆ కాపురమును కప్పివేసెను. ఈ రాయియే డెల్టామట్టిక్రిందను, బంగాళాఖాతపు టడుగునను వ్యాపించియున్నదని చమురుకై బావులు త్రవ్వినవారు కనుగొనిరి. కడలిక్రిందిది మనకంటబడదు, కంటబడునది దినదినము కంకరయగుచున్నది. సోదరీమణులారా! ఆ గుల్లలపొర మిగిలియుండగనే మీ బిడ్డలకు చూపింపుడు.