బాగే ఆమ్ నీడలో

మా ఊరు గుంటూరు సీమలోని నల్లరేగడి పల్లె. వేసవిలో అచ్చట నేల నెఱ్ఱెలు విచ్చి యుండును. చేలలో నిలువ నీడ దొరకదు. నీడ పడిన చోట మిరప సరిగా కాయదని రైతులు గట్లమీద చెట్లు ఉంచరు. మా చేనిగట్టున తాతగారి నాటి వేపచెట్టు ఒకటి ఉండెడిది. రెండు సాళ్ళ పత్తి అధికముగా వచ్చునని నాయన దానిని కొట్టించెను.

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ సోకి పత్తిపంట నాశనమయ్యెను. అప్పుల బాధకు తాళలేక కొందరు రైతులు ప్రాణములే విడిచిరి. బాకీ గడువు పొడిగింపుమని వేడుకొనుటకు నాయన హైదరాబాదు పోవుచు నన్నును వెంట తీసికొనిపోయెను. అప్పుడు నాకు పదమూడేండ్లు. మేము వెళ్ళిన కార్యాలయమువారు మమ్ములను మధ్యాహ్నము వరకు నిలువబెట్టి, “సాయంకాలము రండు” అనిరి.

ఎండ మండుచుండెను. ఎవరో “నాంపల్లి స్టేషను దగ్గర బాగే ఆమ్ ఉన్నది, అచ్చట కూర్చుండుడు” అని చెప్పిరి. హిందీలో ఆమ్ అనగా మామిడి గదా! మామిడితోటను చూడబోవుచున్నానని సంతోషించితిని. తీరా పోయి చూడగా అది నిజాముల కాలపు పెద్ద ఉద్యానవనము. దానినే పబ్లిక్ గార్డెన్సు అందురు. 1913లో పట్టణమందిరముగా పూర్తియై, తరువాత శాసనసభయైన తెల్లని భవనము, జూబిలీ హాలు, మసీదు, పురావస్తు ప్రదర్శనశాల అన్నియు అచ్చటనే ఉన్నవి. ప్రదర్శనశాలలో ఈజిప్టు మమ్మీ కలదని విని, చూతము రమ్మని నాయనను తొందరపెట్టితిని. ఆయన ఒక మహావృక్షము క్రింద చతికిలబడి లేవనే లేదు. నాకు కోపము వచ్చెను.

ఆ నీడలోనే మూట దించుకొన్న కూలి, చదువుకొను విద్యార్థులు, పసిబిడ్డతో ఒక తల్లి కూర్చుండిరి. మీరెవరని మమ్ము నెవరును అడుగలేదు. ఉదయమునుండి గుమ్మములకడ నిలిచిన నాయన అప్పుడే మొదటిసారి కూర్చుండెను.

ముసలి తోటమాలి ఒకడు నా సందేహము విని నవ్వెను. “ఇచ్చట ఆమ్ అనగా మామిడి కాదు బాబూ! ఉర్దూలో అందరిది అని అర్థము. ఇది అందరి తోట.”

“ఈ చెట్టును ఎవరు నాటిరన్నా?” అని నాయన అడిగెను.

“ఎవరు నాటిరో ఏమెరుగుదును? నేను నీరు పోయు మొక్కలు అవిగో, ఆ వైపున ఉన్నవి. వాని నీడకు నేనుండను.”

నాయన చాలసేపు మాటాడలేదు.

ఆ సాయంకాలము ఏడాది గడువు దొరకెను. ఊరు చేరిన పిమ్మట తొలకరిలో నాయన మిరపకళ్ళము మూల ఒక వేపమొక్క నాటెను. “పంట పోయినవాడు చెట్లు పెట్టుచున్నాడు” అని ఇరుగుపొరుగువారు పరిహసించిరి. ఆయన మారు పలుకక, మరుసటి వేసవి యంతయు బావినుండి కడవతో నీరు మోసెను.

తరువాత నేను పలుమార్లు హైదరాబాదు పోతిని. మమ్మీని కూడ చూచితిని. నాయన ఇప్పుడు లేడు. కాయలు కళ్ళమునకు చేరిన దినములలో మా ఊరి కూలి స్త్రీలు ఆ వేపనీడను కూర్చుండియే తాలుకాయలు ఏరుదురు; దాని కొమ్మకే పసిబిడ్డల ఉయ్యెలలు కట్టుదురు. బాగే ఆమ్ అన్న మాట విన్నపుడెల్ల నాకు ఆ తెల్లని భవనములు గాక, మా కళ్ళములోని ఆ నీడయే జ్ఞప్తికి వచ్చును.