పిన్ను పడితే చాలదు

"అన్నా, గిది దీనికి పడుతదా?"

అచ్చంపేటలో సెల్ రిపేరు దుకాణం పెట్టుకున్నవాడికి పొద్దంతా వినపడే మాట ఇదే. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో చార్జరో బ్యాటరీయో ఉంటుంది. పడుతుందో పడదో చెప్పడమే నా పనిలో సగం.

అమ్రాబాద్, పదర, బల్మూర్, లింగాల, ఉప్పునుంతల వైపు నుంచి వస్తారు జనం. నెలల తరబడి పగిలిన డిస్‌ప్లేతోనే నెట్టుకొచ్చినవాళ్లు పల్లికాయ అమ్మిన రోజు దుకాణం మెట్లెక్కుతారు. శ్రీశైలం పోయే కార్లవాళ్ల సంగతి వేరు. మన్ననూరు దాటితే అడవి, సిగ్నల్ ఉండదు. ఆలోపే చార్జర్ కావాలి. ధర అడగరు. అడిగేవాళ్లంతా మావాళ్లే.

నేను పని నేర్చుకున్న రోజుల్లో బీఎల్-5సీ అనే నోకియా బ్యాటరీ డ్రాయర్లో ఉంటే సగం బేరాలు నడిచేవి. నోకియా 1100 మొదలుకొని ఎన్నో మోడళ్లకు అదే. తర్వాత చైనా ఫోన్లు, ఎఫ్ఎం రేడియోలు, పాటల డబ్బాలు కూడా అదే సైజుకు వచ్చాయి. 2007 ఆగస్టులో అందులో ఒక తయారీదారు చేసిన 4.6 కోట్ల బ్యాటరీలు వేడెక్కవచ్చని, అడిగినవారికి మార్చి ఇస్తామని నోకియా ప్రకటించింది. ఒక్కరు చేసినవే అన్నుంటే, ఆ బ్యాటరీ ఎంత దూరం పాకిందో చూడండి. మార్చడానికి నా అవసరం కూడా ఉండేది కాదు. గోరుతో వెనక మూత లేపి వాళ్లే వేసుకునేవారు.

ఇప్పుడు మూత గమ్ముతో అతికి ఉంటుంది. వేడి చేసి, సన్నటి ప్లాస్టిక్ కార్డు దూర్చి, రిబ్బన్లు తెగకుండా విప్పాలి. లోపల బ్యాటరీ కూడా గమ్ము మీదే. ఒకే కంపెనీ ఒకే ఏడాది విడుదల చేసిన రెండు ఫోన్లలో రెండు రకాల బ్యాటరీలు. కెపాసిటీ అదే, పొడవు వెడల్పు అదే, కనెక్టర్ మాత్రం ఒక మిల్లీమీటరు అటుగా జరిగి ఉంటుంది. ఆ మిల్లీమీటరు వల్ల ఎవరికి ఏం మేలు జరిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ పార్టు కోసం మాత్రం నేను హైదరాబాదు ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు ఫోన్ కొట్టాలి. ఉంటే పార్సిల్ వస్తుంది, లేకపోతే "మోడల్ పాతదైంది భాయ్" అంటారు. పాతదంటే మూడు నాలుగేళ్లది. ఖరీదైన ఫోన్లకు పార్టు ఎన్నేళ్లయినా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. చవక ఫోను మోడళ్లు నెలకొకటి వచ్చి పోతుంటాయి కనుక వాటి సామాను ఎవరూ నిల్వ పెట్టరు. తక్కువ పైసలతో కొన్నవాడే తొందరగా మళ్లీ కొనాలి.

టైప్-సి వస్తే గొడవలన్నీ తీరతాయన్నారు. పిన్ను వరకు నిజంగానే తీరింది. కానీ పిన్ను పట్టినంత మాత్రాన కరెంటు సరిగా ఎక్కదు. ఫాస్ట్ చార్జింగ్‌లో ఒక కంపెనీ వోల్టేజీని తొమ్మిదికి, అంతకు మించి పెంచుతుంది. ఇంకొకటి వోల్టేజీ పెద్దగా పెంచకుండా ఆంపియర్లు పెంచుతుంది, దానికి కేబుల్ కూడా తనదే ఉండాలి. చార్జరూ ఫోనూ ముందు మాట్లాడుకుని ఒప్పందానికి రావాలి. కుదరకపోతే ఐదు వోల్టుల దగ్గరే, పది వాట్లకు అటూఇటూ ఆగిపోతాయి. చార్జర్ మీద 65 వాట్లని రాసి ఉంటుంది, ఫోను మూడు గంటలైనా నిండదు. "డూప్లికేట్ అంటగట్టినవ్ తమ్మీ" అని నా మీదికే వస్తారు.

2020 అక్టోబరులో ఆపిల్ పర్యావరణం పేరు చెప్పి డబ్బాలో చార్జర్ పెట్టడం మానేసింది. ఆ వెనకే చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. ఇంట్లో ఇప్పటికే చార్జర్ ఉంటుందని వాళ్ల లెక్క. ఆ ఉన్న చార్జర్ కొత్త ఫోనుతో మాట్లాడదన్నది మా లెక్క. యూరప్‌లో 2024 డిసెంబరు 28 నుంచి పిన్నుతోపాటు ఫాస్ట్ చార్జింగ్‌కు కూడా అందరికీ పనికొచ్చే పద్ధతి ఒకటి ఉండి తీరాలన్నారు. మన దగ్గర 2022 నవంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సమావేశం పెడితే స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లకు టైప్-సి అని కంపెనీలు తలూపాయి. బటన్ల ఫోన్లకు వేరే చార్జర్ పెట్టవచ్చని కూడా అక్కడే అనుకున్నారు. చవకరకం కదా! వేరే చార్జర్ ఖర్చు మాత్రం ఆ చవకరకం వాడేవాళ్ల నెత్తినే.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది టార్చిలైట్లతో. నల్లమల అంచున పల్లి చేను ఉందంటే రాత్రి కాపలా తప్పదు, అడవిపందులు ఒక్క పూటలో చేనంతా తవ్విపోస్తాయి. అందుకని తలకు కట్టుకునే లైట్లు బాగా అమ్ముడవుతాయి. ఇప్పుడు వాటికీ టైప్-సి పిన్నే. మొన్నొక రైతు కొడుకు కొత్త ఫోను తాలూకు చార్జర్, రెండు చివర్లా టైప్-సి ఉన్న కేబుల్ పట్టుకొచ్చాడు. "ఫోనుకు ఎక్కుతుంది, లైటుకు ఎక్కుతలేదన్నా." లైటు విప్పి చూశాను. నేను అనుకున్నదే. ఆ రకం చార్జర్ అవతల తనను అడుగుతున్నవాళ్లు ఉన్నారని తెలిస్తే తప్ప కరెంటు వదలదు. ఆ సంగతి చెప్పడానికి సాకెట్ దగ్గర 5.1 కిలోఓమ్ రెసిస్టర్లు రెండు ఉండాలి. నువ్వుగింజంత ఉంటాయి, తయారీదారుకు పైసల్లో పడతాయి. వాటినే పెట్టకుండా మిగుల్చుకున్నారు. చచ్చిపోయిన బోర్డు నుంచి రెండు పీకి, భూతద్దం కింద టంకం పెట్టి అతికిస్తే లైటు ఎర్రగా వెలిగి చార్జింగ్ అందుకుంది. అందరి లైట్లకూ ఇంత పని చేస్తూ కూర్చోలేను. కరెంటును అడగకుండానే ఇచ్చే పాత వెడల్పు పిన్ను చార్జర్, దానికి తగ్గ కేబుల్ ఇస్తే పని నడుస్తుంది. దుకాణంలో ఇప్పుడు అవే ముందు వరుసలో వేలాడదీశాను.

కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. కంపెనీల సర్వీసు వివరాలు అందులో ఉంటాయి. మంచిదే. కానీ సర్వీసు సెంటరుకు మహబూబ్‌నగరో హైదరాబాదో పోవాలి, ఒక రోజు కూలి, బస్సు కిరాయి రెండూ పోతాయి.

రీచార్జి కూడా నా కౌంటర్ మీదే. 28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి పదమూడు సార్లు. మా ఊరవతల తండా నుంచి వచ్చే అవ్వది బటన్ల ఫోను, నెట్ రాదు. అయినా నెల ప్యాక్‌లో డేటా కలిసే ఉంటుంది, దాని పైసలూ ఆమే కట్టాలి. మాటలు, మెసేజ్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్‌లు కూడా పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పింది. వచ్చాయి కూడా. పెద్ద కంపెనీలవి 84 రోజులకు నాలుగు వందల పైచిలుకు, లేకపోతే ఏడాది ప్యాక్. రోజు లెక్కన చూస్తే అగ్గువే అని ఆమెకు విడమరిచి చెప్పాను.

"మూడు నెలలయి ఒక్కపారే కట్టుమంటె ఎట్ల బిడ్డా? కైకిలి పైసలు నాకు మూడు నెలలయి ముందుగాల్నే ఇస్తున్నరా?"

నెల ప్యాకే వేశాను, డేటాతో సహా.