మొప్పలెక్కడ చూడాలి?

వానాకాలంలో యానాం చేపల మార్కెట్లో ఒక ఆట నడుస్తుంది. ఒడిశా నుంచి ఐసులో వచ్చిన సముద్రపు ఇలసని బుట్టలో పైకి పెట్టి, "గోదారి పులసండీ, ఇప్పుడే పడింది" అంటారు. మా అమ్మ మొప్పలెత్తి చూసి, ఏం మాట్లాడకుండా పక్క బుట్ట దగ్గరికి వెళ్లిపోద్ది.

నిన్న ఫోన్ కొందామని ఒక టెక్ వార్త చదివాను. "పదిహేను వేలలో ఇదే రారాజు" అని హెడ్డింగు. కెమెరా అదుర్స్, బ్యాటరీ అదుర్స్. లోపాల దగ్గర ఒక్కటే ముక్క: బాక్సులో ఛార్జర్ లేదట! అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "స్పాన్సర్డ్". ఇంకో సైట్లో అవే వాక్యాలు, అదే అచ్చుతప్పు. అక్కడ ఆ చీమ తలకాయ కూడా లేదు.

ఈ రోగం కొత్తదేం కాదు. 2009 ఎన్నికల్లో డబ్బులకి వార్తలమ్మారని గోలయితే, ప్రెస్ కౌన్సిల్ తరఫున పాత్రికేయులు పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె.శ్రీనివాస్ రెడ్డి గారు కలిసి 71 పేజీల నివేదిక రాశారు, పత్రికల పేర్లతో సహా. 2010లో కౌన్సిల్ దాన్ని కుదించి వదిలింది. పూర్తిది బయటికి రావడానికి 2011 దాకా పట్టింది. అయినా అభ్యర్థి వార్తకి ఎన్నికల సంఘమన్నా లెక్క అడుగుతుంది. ఫోన్ వార్తకి అంత గట్టిగా అడిగే నాథుడేడీ?

ఆ ఫోన్ వార్త పేజీ అమ్మకి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చదివి, "దీనికి మొప్పలెక్కడుంటాయిరా?" అంది.