కొలంబియా నదిపై తెరచాపలు

పాపికొండల నడుమ గోదావరిపై పడవప్రయాణము చేసినవారికి, అమెరికా దేశమున ఓరెగాన్ రాష్ట్రపుటంచున పాఱు కొలంబియానదిని చూచినప్పుడు మన గోదావరి జ్ఞప్తికి రాక మానదు. ఆ రాష్ట్రమందలి పోర్ట్‌లాండు నగరప్రాంతమున కాపురములు చేసికొనుచున్న తెలుగు స్త్రీలము మేము ఐదుగురము. 2024వ సంవత్సరము జూలై నెలలో ఒక శనివారమునాడు, ఇంటివారికి రెండు దినములకు సరిపడు వంటలు చేసిపెట్టి, హుడ్ రివర్ అను చిన్న పట్టణమునకు బయలుదేరితిమి. పలకపై నిలువబడి, చేత తెరచాప పట్టుకొని, గాలిబలముచే నీటిపై పోవు విద్య యొకటి కలదు. దానిని విండ్‌సర్ఫింగ్ అందురు. అది నేర్చుకొనుటయే మా సంకల్పము.

మాలో నలుగురము నలువది యేండ్లకు లోబడినవారము. ఐదవవారు కోనసీమ ఆడపడుచు, ఏబదినాలుగేండ్లవారు. ఆమెను మేమందఱము అక్కగారని పిలుచుచుందుము. “నేను నీళ్ళలో దిగనమ్మా. గట్టుమీద కూర్చుని మీ బట్టలకు కాపలా కాస్తాను. పులిహోర మాత్రం నేను తెస్తాను” అని ఆమె ముందే చెప్పి మాతో వచ్చిరి. కారణము మేమడుగలేదు.

పోర్ట్‌లాండునుండి తూర్పుగా సుమారు అరువది మైళ్ళ ప్రయాణము. దారి నదియొడ్డుననే సాగును. కుడివైపు కొండలనుండి జలపాతములు దిగుచుండును. వానిలో మల్ట్‌నోమా యనునది రెండంచెలుగా 620 అడుగుల యెత్తునుండి పడును. దాని తుంపురులు మొగమునకు తగులునట్లు నిలిచి కొంతసేపు చూచి, మఱల బయలుదేరితిమి. మొదట కొండలనిండ ఆకాశమంటు చెట్లు, రాళ్ళపై పచ్చని నాచు కనబడినవి. తూర్పునకు పోయినకొలది ఆ పచ్చదనము పలుచనై, ఎండుగడ్డి కప్పిన బోడికొండలు మొదలైనవి. ఇరువది ముప్పది మైళ్ళలో దేశమే మాఱినట్లుండెను.

ఈ భేదమే అచ్చటి గాలికి మూలము. కాస్కేడ్ పర్వతపంక్తిని అడ్డముగా చీల్చుకొని కొలంబియా పసిఫిక్ మహాసముద్రమునకు పోవుచున్నది. కొండలకు పడమట సముద్రపు చల్లనిగాలి. తూర్పున వేసవియెండకు కాగిన మెట్టభూములు. కాగిన నేలపై గాలి తేలికపడి పైకి లేవగా, ఆ చోటికి చల్లనిగాలి పరుగెత్తును. నడుమ కొండలు గోడవలె నిలిచియున్నవి. నది చేసిన యీ సందే దానికి దారి. కనుక పొయ్యి నూదు గొట్టమునుండి వెడలు ఊపిరివలె ఆ గాలి బిగువుగా వీచును. నీరు పడమటికి, గాలి తూర్పునకు. ఈ సంగతి వినగానే అక్కగారు, “మా తాతగారి పడవలూ అంతే. దిగువకు ఏటివాలు, ఎగువకు తెరచాప” అనిరి. ఆమె నీటినిగూర్చి మాటలాడుట మేము వినుట అదే మొదటిసారి.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1964లో పెన్సిల్వేనియా రాష్ట్రమున న్యూమన్ డార్బీ, ఆయన భార్య నవోమీ ఇట్టి తెరచాపపలక నొకదానిని నిర్మించిరి. పిమ్మట 1968లో కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్, హొయిల్ స్వైట్జర్ అనువారు, చాపకొయ్య యే దిక్కునకైనను వంగునట్టి కీలుగల పలకకు పేటెంటు కోరిరి. ఒలింపిక్ క్రీడలలో 1984లో పురుషులకును, 1992లో స్త్రీలకును ఇందు పందెములు ఏర్పడినవి.

హుడ్ రివర్ తీరమున ఆఱితేఱినవారు నడినదిలో పక్షులవలె ఎగిరిపోవుచుండిరి. మావంటివారికి వేఱు చోటు కలదు. కొక్కెమువలె వంగిన కట్ట యొకటి నదిలోనికి చొచ్చియుండును. దాని వెనుక నీరు నెమ్మదిగా నుండును. ఆ యాకారమునుబట్టియే దానిని ‘హుక్’ అందురు. మెడనుండి చీలమండలవఱకు ఒడలికంటుకొను రబ్బరు దుస్తును, పైన నీట తేల్చు చొక్కాను తొడిగికొంటిమి. ఆ దుస్తు నెక్కించుకొనుటకే అరగంట పట్టినది. ఒకరినొకరు చూచుకొని నవ్వు నాపుకొనలేకపోతిమి. ఈ వేషము మర్యాదకు లోపమేమో యని శంకించినవారికి, చీరకుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు చుట్టుకొనుటకంటె నిది మేలని తోచినది.

మా ఉపాధ్యాయిని ఇరువదియైదేండ్ల పిల్ల. ఆమె మొదట నేర్పినది నిలుచుట కాదు, పడుట. చాపపై పడక వెనుకకు పడవలెను. పడినను పలకను విడువరాదు. అలసినచో చాపను నీట వదలి పలకపై కూర్చుండి, రెండు చేతులును ప్రక్కలకు చాచి మెల్లగా ఎత్తి దించుచుండవలెను. అది సాయము కోరు గుర్తు. పిమ్మట చాపను త్రాటితో నీటినుండి లేపుటయు, అడ్డకఱ్ఱను పట్టుటయు చూపెను. పలకకు చుక్కాని లేదు. చాపకొయ్యను ముందునకు వంచిన పలకమొన గాలికి తొలగును. వెనుకకు వంచిన గాలివైపు తిరుగును. చెప్పుటకిది సులభమే. ఆ పూట మేము పడిన పాటులు లెక్కలేనివి.

మాలో చిన్నది, వరంగల్లు పిల్ల, అందఱికంటె త్వరగా నేర్చెను. మధ్యాహ్నమునకు గాలి హెచ్చుచున్నది, ఇక చాలునని ఉపాధ్యాయిని చెప్పినను, “ఒక్కసారి” యని మఱల పలక యెక్కెను. మేము పులిహోర పొట్లములు విప్పుచుంటిమి. ఇంతలో అక్కగారు లేచి నిలిచి, మేమెన్నడు వినని గొంతుతో కేకవేసిరి. చూడగా చిన్నది కట్ట దాటి పెద్దనదిలో పడినది. గాలి దానిని తూర్పునకు ఈడ్చుకొనిపోవుచుండెను. ఉపాధ్యాయిని మరపడవ తీసికొని పోయినది. మేము చేష్టలుడిగి నిలిచితిమి. దూరమున చిన్నది పలకపై కూర్చుండి, నేర్పినట్లే చేతులెత్తి దించుచుండెను. పావుగంటలో దానిని తీసికొనివచ్చిరి. దెబ్బ యేమియు లేదు గాని వణకు తగ్గలేదు.

ఆ రాత్రి బసలో చిన్నది, “నేను ఇంక నీళ్ళ దిక్కు పోనక్కా” అని యేడ్చెను. అక్కగారు దాని తల తడిచూపుడు పోవువఱకు తుడిచి, అప్పుడు చెప్పిరి.

“నాకు పదేళ్ళప్పుడు మా తమ్ముడు కాలవరేవులో జారిపోయాడు. ఏడేళ్ళవాడు. నేను మెట్టుమీదే ఉన్నాను. ఆ రోజునుంచి మా అమ్మ నన్ను నీళ్ళలో కాలు పెట్టనివ్వలేదు. ఆవిడను తప్పు పట్టను. కాని నేనూ నా కూతురికి ఈత నేర్పించలేదు. ఇప్పుడు అది తన పిల్లను రేవుకు పంపదు. నువ్వు ఈ భయంతో ఇంటికి వెళ్ళావంటే, అది నీతో ఆగదమ్మా. రేపు పొద్దున నువ్వు దిగాలి. నీతో నేనూ దిగుతాను.”

ఎవరమును మాటలాడలేకపోతిమి.

మఱునాటి యుదయమున గాలి మందముగా నుండెను. అక్కగారు రబ్బరు దుస్తుతో, మెడలోని మంగళసూత్రము లోనికి దోపుకొని, నీటియంచున చాలసేపు నిలిచిరి. చిన్నది ఒక చేయి, ఉపాధ్యాయిని యొక చేయి పట్టుకొనిరి. మోకాళ్ళవఱకు దిగి ఆగిరి. నడుమువఱకు దిగి ఆగిరి. మొదట పలకపై కూర్చుండుట, పిమ్మట మోకరించుట, తరువాత నిలుచుట. ఆమె పడిన పాటులను మేము లెక్కించితిమి: పదునాలుగు. పదునైదవసారి చాప గాలి నందుకొన్నది. ఇరువది గజములు, అంతకు మించి లేదు, నీటిపై నిలిచి పోయిరి. తరువాత వెనుకకు పడి, తల పైకెత్తి, “వాడుంటే ఎంత నవ్వేవాడో!” అని తామే నవ్విరి. నవ్వుచు నేడ్చిరి. చిన్నదియు తన పలక నెక్కెను.

తిరిగివచ్చుచు పట్టణమునకు దక్షిణముననున్న లోయలోని పండ్లతోటలకు పోయితిమి. ఆ లోయ బేరిపండ్లకు పేరుపొందినది. అవి యింకను పచ్చివి. చెర్రీపండ్లు మాత్రము తట్టలతో కొంటిమి. తోటల చివర, పదునొకండువేల అడుగులకు మించిన హుడ్ పర్వతము జూలైలోను మంచు ధరించి కనబడెను. కారులోనుండి అక్కగారు హైదరాబాదులోని కుమార్తెకు ఫోను చేసిరి. ప్రయాణవిశేషములు చెప్పుదురనుకొంటిమి. వారు అడిగినది ఒక్కటే: “మీ దగ్గర పిల్లలకు ఈత నేర్పేవాళ్ళు ఎక్కడున్నారే?”

సోదరీమణులారా, అందఱును తెరచాపపలక లెక్కవలెనని మేము చెప్పము. ఎక్కదలచినవారు మాత్రము తేల్చు చొక్కా లేక, నేర్పువారు లేక నీటిలో దిగరాదు. గాలి హెచ్చినదనగానే గట్టు చేరవలెను. మన యిండ్ల ఆడపిల్లలకు ఈత మాత్రము తప్పక నేర్పింపుడు. అక్కగారి మనుమరాలికి అయిదేండ్లు. అది యిప్పుడు ఆదివారములు ఈతకు పోవుచున్నదని మొన్న ఉత్తరము వచ్చినది.