ఆకాశయుద్ధపు ఆట: కొత్తగా ఎక్కేవారికి నాలుగు మాటలు

'ప్రాజెక్ట్ వింగ్‌మ్యాన్' అనే విమానయుద్ధపు ఆట 2020 డిసెంబరు 1న కంప్యూటర్లకు విడుదలయింది. 2023 అక్టోబరులో ప్లేస్టేషన్ 5కు కూడా వచ్చింది. దానితోపాటు 'ఫ్రంట్‌లైన్ 59' పేరిట మరికొన్ని ఘట్టాలు చేర్చారు. వార్త పాతదే. అయినా తెలుగులో దీన్ని గురించి ఎవరైనా నాలుగు ముక్కలు వ్రాసినట్లు నా కంటబడలేదు. ఆటలంటే పిల్లల గొడవ అని మన సాహిత్యమిత్రులు తోసిపుచ్చుతారని తెలుసు. తోసిపుచ్చేముందు కాస్త ఓపిక పట్టండి.

దీన్ని తయారుచేసింది పెద్ద సంస్థ కాదు. సెక్టర్ డి2 అనే చిన్న బృందం. ముందుండి నడిపినవాడు అబీ రహ్మానీ. 2018లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం దగ్గర చందాలెత్తి పని సాగించారు. మా చిత్తూరు వైపు ద్రౌపదమ్మ తిరునాళ్ళకు భారతం ఆడించడానికి ఇంటింటా చందా ఎత్తుతారు చూడండి, అలాగన్నమాట. అంతకు ముందు సంవత్సరాలుగా ఈ రకపు ఆటలకు పెద్దదిక్కు బందాయ్ నామ్కో వారి 'ఏస్ కాంబాట్'. దాని ఏడవ భాగం 2019లో వచ్చింది. దానిపై మక్కువతో పుట్టిన చిన్నవారి ఆట దాని పక్కన నిలబడి తలదించుకోకుండా ఉందంటే, అది చిన్న సంగతి కాదు.

మాది శాంతిపురం. కుప్పం నుంచి పలమనేరు పోయే దారిలో ఉంటుంది. బెంగుళూరు ఎంతో దూరం కాదు గనుక, తలెత్తితే అటు దిగే విమానాలు కనబడుతూనే ఉంటాయి. మా అక్క కొడుకు వాటిని చూస్తూ పెరిగాడు. యుద్ధవిమానం నడపాలన్నది వాడి కోరిక. హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో వాయుసేన అకాడెమీ ఉందని, అక్కడ చేరితే చాలునని ఏడవ తరగతి నుంచే చెప్పేవాడు. చదువు నిలిచింది, రాతపరీక్ష నిలిచింది, కళ్ళు నిలువలేదు. కంటిపరీక్ష దగ్గర వెనక్కు పంపేశారు. ఆ తరువాత కొన్ని నెలలు వాడు ఆకాశం వైపు చూడటం మానేశాడు. ఆ పిమ్మట ఈ ఆట పట్టుకున్నాడు. రాత్రిళ్ళు మేలుకుంటున్నాడు, నువ్వైనా చెప్పి మాన్పించరా అని అక్క నన్ను పురమాయించింది. నేను వాడి పక్కన కూర్చున్నాను. మాన్పించే పని ఇంకా మొదలుపెట్టలేదు.

వాడు నాకు నేర్పిన పాఠాలే క్రింద వ్రాస్తున్నాను. మాటలు మాత్రం నావి.

మొట్టమొదట చేతికి అలవాటు కావలసినది మీట. వెనక్కు లాగితే విమానం ముక్కు పైకి లేస్తుంది, ముందుకు నెడితే క్రిందికి వంగుతుంది. ఇతర ఆటలాడినవారికి ఇది తిరకాసుగా తోస్తుంది. పక్కకు తిరగాలంటే చుక్కాని త్రొక్కితే చాలదు. ముందు విమానాన్ని పక్కకు దొర్లించి, ఆపైన మీట లాగాలి. ఎద్దులబండికీ విమానానికీ తేడా ఇక్కడే ఉంది. విమానం ఒరిగి తిరుగుతుంది. కీబోర్డుతో ఆడవచ్చుగానీ సాధారణమైన గేమ్‌ప్యాడ్ ఒకటి ఉంటే చేయి నిలకడగా ఉంటుంది. ఖరీదైన జాయ్‌స్టిక్కుల జోలికి మొదట్లోనే పోవద్దు.

రెండవది అసలు విద్య. మా వైపు వ్యవసాయం తెలిసినవారికి తేలికగా అర్థమవుతుంది. ఎత్తు అంటే చెరువు. వేగం అంటే కాలువలో పారే నీరు. పైనుంచి క్రిందికి దూకితే ఎత్తు కరిగి వేగమవుతుంది, వేగంతో పైకి లేస్తే అది మళ్ళీ ఎత్తుగా నిలువ చేరుతుంది. కానీ తిరిగిన ప్రతి మలుపుకూ కొంత నీరు ఇంకిపోతుంది. గిర్రున తిరిగితే మరీ ఎక్కువ. ఇంజను అనే ఊట మెల్లగా నింపుతూ ఉంటుందిగానీ, ఖర్చు దానికంటే త్వరగా అవుతుంది. కొత్తవాడు శత్రువు కనబడగానే మీటను కడుపులోకి లాగి పట్టుకుంటాడు. రెండు చుట్లు తిరిగేసరికి చెరువూ ఎండుతుంది, కాలువా ఎండుతుంది. గాలిలో తేలుతున్న గుమ్మడికాయవలె నిలబడిపోతాడు. "అట్ల లాగి పట్టుకుంటే వేగం యాడుంటాది మామా?" అని వాడు రోజుకు పదిసార్లు అంటాడు.

ఇది ఆటకోసం అల్లిన సూత్రం కాదు. అమెరికా వాయుసేనలో జాన్ బాయిడ్ అనే పైలటు ఉండేవాడు. తన తోక పట్టినవాడిని 40 సెకన్లలో తలక్రిందులు చేస్తానని పందెం కాసేవాడట, అందుకే '40 సెకన్ల బాయిడ్' అని పేరు. 1960లలో థామస్ క్రిస్టీ అనే గణితజ్ఞునితో కలిసి ఏ విమానం ఏ వేగంలో, ఏ ఎత్తులో ఎంత శక్తిని నిలుపుకోగలదో లెక్కలు కట్టాడు. ప్రతి విమానానికీ చక్కగా మలుపు తిరిగే వేగం ఒకటి ఉంటుంది. అంతకు మించి పోతే మలుపు వెడల్పవుతుంది, తగ్గితే రెక్కలకు పట్టు చాలదు. వేగసూచిని చూస్తూ ఆ అంకె దగ్గర ఉండటం నేర్చుకుంటే సగం విద్య వచ్చినట్లే. ఈ ఆటలో గాలికి ముక్కు మితిమీరి ఎత్తకుండా ఆపే కట్టడి ఒకటుంది. దాన్ని తీసివేస్తే విమానం పాములా పడగెత్తుతుంది. చూడటానికి గొప్పగా ఉంటుంది. వేగమంతా ఆ ఒక్క పడగకే సరిపోతుంది కాబట్టి మొదటి నెల దాన్ని ముట్టుకోకండి.

క్షిపణుల సంగతి. చతురస్రం ఎర్రబడి కూత వినబడగానే మీట నొక్కటం అందరూ చేసేదే. క్షిపణి కూడా విమానమే, దానికీ శక్తి లెక్క ఉంది. దూరం నుంచి, ఎదురుగా, అడ్డంగా పోతున్నవాడిపై వదిలితే అది మలుపు తిరుగలేక దాటిపోతుంది. వెనుక చేరి, దగ్గరకు పోయి వదలాలి. మీ మీదికి వస్తున్నప్పుడు తిన్నగా పరుగెత్తితే దొరికిపోతారు. దాన్ని మీ పక్కగా ఉంచుకొని, సరిగ్గా దగ్గరపడినప్పుడు గట్టిగా తిరగండి. ఫ్లేర్లు ధారాళంగా చల్లవద్దు.

తుపాకి వేరే కళ. మా మామిడితోపుల్లో, జొన్నచేలల్లో మంచె మీద నిలబడి వడిసెల త్రిప్పేవారు చిలకను చూసి రాయి వదలరు, చిలక పోబోయే చోటికి వదులుతారు. అంతకంటే నేను చెప్పగలిగినది లేదు.

ఇక చదువరులు నమ్ముతారో లేదో, ఈ సలహాల మొదటి పట్టిక 1916 నాటిది. జర్మనీ పైలటు ఓస్వాల్డ్ బెల్కె ఎనిమిది నియమాలు వ్రాసిపెట్టాడు. సూర్యుణ్ణి వీపున పెట్టుకో, దగ్గరకు వెళ్ళాకే కాల్చు, మొదలుపెట్టిన దాడిని ముగించు, పైనుంచి దూకేవాడికి వీపు చూపక ఎదురు తిరుగు, శత్రుసీమపై తిరుగుదారి మరువకు, ఇలాంటివి. ఆటలో అక్షరాలా పనికివస్తాయి. అంతటి గురువు అదే సంవత్సరం అక్టోబరు 28న, పోరాటం మధ్యలో, తన దళంవాడి విమానమే తగిలి నేలకూలాడు. ఆటలోనూ కొత్తవారిని ఎక్కువగా చంపేది శత్రువు కాదు, నేల. ముందున్నవాడి మీద చూపు నిలిపి, కొండ వస్తున్నదని మరిచిపోతారు. అందుకని చూపును లక్ష్యం వైపు త్రిప్పే మీటను వాడండిగానీ, మూడు లెక్కించి మళ్ళీ ముందుకు చూడండి. మా వాడు బయటికే లెక్కిస్తాడు. అర్ధరాత్రి ఒకటీ రెండూ మూడూ అని వినబడితే అక్కకు మెలకువ వస్తుంది.

ఆ నియమాల దగ్గరే వాడికి ఇంద్రలాల్ రాయ్ కథ చెప్పాను. కలకత్తాలో పుట్టి లండనులో చదివిన కుర్రవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరబోతే కంటిచూపు చాలదని త్రిప్పి పంపారు. తన మోటారుసైకిలు అమ్మి, ఆ డబ్బుతో పేరున్న కంటివైద్యునికి చూపించుకొని, ఆ తీర్పును మార్పించుకున్నాడని చెబుతారు. 1918 జూలై 6 నుంచి 19 వరకు పది విజయాలు సాధించాడు. జూలై 22న కూలిపోయాడు. అప్పటికి ఇంకా ఇరవై నిండలేదు. నేను మోటారుసైకిలు వరకు చెప్పి ఆగుదామనుకున్నాను. "తర్వాత ఏమాయె?" అని అడిగాడు. చెప్పక తప్పలేదు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పది రోజులైనా ఎగిరినాడు గదా మామా" అన్నాడు. దానికి జవాబు నా దగ్గర లేదు.

యుద్ధాన్ని ఆటగా ఆడటం తప్పు కాదా అని అడిగేవారుంటారు. మా ఊళ్ళ పక్క పద్దెనిమిది రోజుల యుద్ధాన్ని ఏటా ఆడి, చివర మట్టితో చేసిన దుర్యోధనుని నేలపై పడుకోబెట్టి వధిస్తారు. ఆ బొమ్మ చుట్టూ నిలబడినవారిలో సంబరపడే మొగాలూ ఉంటాయి, కళ్ళొత్తుకునే ముసలమ్మలూ ఉంటారు. ఈ ఆట కూడా కొంతవరకు ఆ జాతిదే. ఇందులో మీరు కిరాయి పైలటు. కాస్కేడియా అనే కల్పిత దేశం తరఫున ఫెడరేషన్ అనే పెద్ద రాజ్యంతో పోరాడుతారు. మధ్యలో ప్రాస్పెరో అనే నగరాన్ని విడిపిస్తారు. గెలిచామనుకున్న కాసేపటికే ఆ నగరం మీ కళ్ళెదుట తగలబడుతుంది. ఆ ఘట్టం తరువాత మా వాడు ఆ రాత్రికి ఆట కట్టేశాడు.

2019 జూలై 31న మన వాయుసేన తానే ఒక ఫోను ఆట విడుదల చేసింది, 'ఇండియన్ ఎయిర్ ఫోర్స్: ఎ కట్ అబౌ' అని. ఆ ఫిబ్రవరిలో అభినందన్ ఉదంతం జరిగి ఉంది గనుక ఆట బొమ్మకు కూడా అలాంటి మీసమే పెట్టారు. కంప్యూటరు లేనివారు దానితో మొదలుపెట్టవచ్చు. కానీ చెరువూ కాలువా లెక్క ఒంటికి పట్టాలంటే ప్రాజెక్ట్ వింగ్‌మ్యానే మేలు.

విమానాల ఎంపిక చివరి మాట. ఈ ఆటలో అసలు విమానాలను పోలినవి కాస్త మారుపేర్లతో ఉంటాయి. మన మిగ్-21ను పోలినది ఎంజీ-21. 1963లో మన దళంలో చేరిన ఆ విమానం 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. ఆటలో అంతకంటే వేగమైనవి, ఎక్కువ ఆయుధాలు మోసేవి ఎన్నో ఉన్నాయి. కొత్తవారు వాటినే తీసుకోండి, సులువు స్థాయిలోనే ఆడండి, సిగ్గుపడవద్దు. మా వాడు మాత్రం ఎంజీ-21 దిగడు. దానితో 'కాంక్వెస్ట్' అనే అంతులేని పోరులోకి దిగి, ఒక్కొక్క ప్రాంతమే గెలుచుకుంటూ పోతున్నాడు. నిన్న రాత్రి పన్నెండింటి వరకు లెక్కపెడుతూనే ఉన్నాడు.